పియానో అమ్మి ఎగిరిన విమానం

విమానాన్ని కనిపెట్టింది అమెరికాలో రైట్ సోదరులే అయినా, దాన్ని చూసి వెర్రెత్తిపోయింది మాత్రం ఫ్రాన్స్. నేను స్థిరపడిన ఈ దేశంలో ఆ వెర్రికి సాక్ష్యం కావాలంటే పారిస్‌లోని ఆర్ట్ ఎ మెతియే మ్యూజియానికి వెళ్ళాలి. అక్కడ పాత చర్చి కప్పు కింద బ్లెరియో విమానం వేలాడుతూ ఉంటుంది. చెక్క చట్రం, గుడ్డ రెక్కలు, సైకిలుకు ఉండేలాంటి చక్రాలు. కారు లైట్లు తయారుచేసి గడించిన సొమ్మంతా విమానాలకే తగలేసిన బ్లెరియో, 1909 జూలై 25న దీని మీదే ఇంగ్లిష్ చానెల్ దాటాడు. పట్టిన సమయం 37 నిమిషాలు. రెండేళ్ళు తిరక్కుండానే, 1911 ఫిబ్రవరిలో, పెకె అనే ఫ్రెంచి కుర్రాడు మన అలహాబాదులో ఉత్తరాల మూటతో యమున దాటాడు. ప్రపంచంలో విమానంలో వెళ్ళిన తొలి అధికారిక ఎయిర్‌మెయిల్ అదే.

ఎగిరేవాడు ఇక్కడి సినిమాకూ హీరో అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా పనిచేసిన దర్శకుడు జాన్ రెన్వార్, 'లా గ్రాంద్ ఇల్యూజియో' (1937)లో జాన్ గాబాకు తన పాత యూనిఫామే తొడిగాడు. రెండేళ్ళకు 'లా రెగ్ల్ ద్యు జూ'లో అలాంటి హీరోనే కాస్త వెక్కిరించాడు. అట్లాంటిక్ దాటి లె బుర్జే విమానాశ్రయంలో దిగిన వీరుడు, రేడియో మైకు ముందు ప్రియురాలు రాలేదని వాపోతాడు.

నాకు బాగా నచ్చింది గ్రెమియో తీసిన 'లె సియెల్ ఎ తా వూ'. ఆకాశం మీదే అని అర్థం. మో ద మార్సా అనే చిన్న ఊళ్ళో భర్తతో గ్యారేజీ నడిపే ఆంద్రే దుపెరోన్, 1938లో ఒరాన్ నుంచి ఇరాక్ దాకా ఒంటరిగా ఎగిరి, మహిళల దూరం రికార్డు కొట్టింది. సినిమాకు ఆధారం ఆమె కథే. సినిమాలో మొగుడి విమానాల పిచ్చిని తిట్టిపోసిన ఇల్లాలు, ఒక్కసారి తను ఎక్కి దిగాక అతన్నే మించిపోతుంది. ఖర్చులకు చాలక కూతురి పియానో అమ్మేస్తారు. ఆమె కబురు తెలియని రోజున ఊరంతా భర్తనే దోషిగా చూస్తుంది.

సినిమా విడుదలైంది 1944 ఫిబ్రవరిలో, దేశం జర్మన్ల చేతుల్లో ఉండగా. ఆదర్శ కుటుంబం కథ అని, జర్మన్లతో చేతులు కలిపిన విషీ ప్రభుత్వ పక్షం మెచ్చుకుంది. తెగువ కథ అని రహస్యంగా పోరాడేవాళ్ళూ మెచ్చుకున్నారు. ఎవరికి కావలసింది వాళ్ళకు దొరికింది. నా మటుకు, సినిమా గొప్పదనం ఆ పియానో దగ్గరుంది. తల్లి గెలుపుకి కూతురి సంగీతం ఖర్చయిపోయిందన్న లెక్కను గ్రెమియో దాచలేదు. ఫ్రెంచి సినిమా అంటే పారిస్ ప్రేమకథలే అనుకునేవాళ్ళు ముందు ఈ గ్యారేజీ దంపతులను చూడండి.