ఘాజీ మునిగిన నీళ్ళు – సంకల్ప్ రెడ్డి సినిమాలు

తెలుగు చలనచిత్రానికి సముద్రమంటే చాలాకాలం పాటు పాటకు పనికొచ్చే ఒడ్డు మాత్రమే. భీమిలి ఇసుకలోనో, ఋషికొండ కెరటాల పక్కనో నాయికానాయకులు పరుగెత్తని ఏడాది ఉండేది కాదు. ఆ నీటి అడుగున ఏముందో చూపిద్దామని పూనుకొన్నవాడు సంకల్ప్ రెడ్డి. 2017 ఫిబ్రవరి 17న విడుదలైన "ఘాజీ" ఆయన మొదటి సినిమా. 2018 డిసెంబరులో "అంతరిక్షం 9000 కెఎంపిహెచ్" వచ్చింది. 2023 మే నెలలో హిందీలో "ఐబీ 71" వచ్చింది. ఒకటి నీటి అడుగున, ఒకటి ఆకాశానికి ఆవల, ఒకటి ఈ రెంటికీ మధ్య విమానంలో.

ఈ మూడింటికీ నేను అభిమానిని. అయితే అభిమానం ఉన్నచోటే లెక్కలు సరిచూసుకోవాలని నా నమ్మకం. అందులోనూ "ఘాజీ" విశాఖ తీరపు కథ. చరిత్రలో జరిగినదానికీ, తెరమీద చూసినదానికీ మధ్య దూరమెంతో, ఆ దూరం వల్ల మనకు లాభమెంతో నష్టమెంతో చూద్దామని ఈ ప్రయత్నం.

ముందుగా చరిత్ర. విచిత్రమేమంటే, ఆయన మూడవ సినిమాలోని సంఘటనే ఈ చరిత్రలో మొదట జరిగింది. 1971 జనవరి 30న "గంగ" అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేసి లాహోరుకు తీసుకుపోయారు. అక్కడ దాన్ని తగులబెట్టారు. దానితో ఫిబ్రవరిలో భారతదేశం తన గగనతలం మీదుగా పాకిస్తాన్ విమానాలు పోకుండా నిషేధించింది. పశ్చిమ పాకిస్తాన్ నుంచి తూర్పు పాకిస్తాన్‌కు సైనికులనూ సరంజామానూ పంపాలంటే సింహళం చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. "ఐబీ 71" కథకు ఆధారం ఇదే. మన గూఢచారులే ఈ హైజాక్‌ను నడిపించారన్నది ఆ సినిమా చెప్పే కథ.

దారులు అలా దూరమైన తరువాత తూర్పు పాకిస్తాన్‌కు సముద్రమే ప్రాణాధారమైంది. ఆ సముద్రాన్ని మూసివేయగల ఆయుధం భారత నౌకాదళానికి ఒకటే ఉంది: విమానవాహక నౌక విక్రాంత్. దానికి ఒక బాయిలరు బీటలువారి, పూర్తి వేగంతో నడవలేని స్థితి. అయినా దాన్ని బంగాళాఖాతంలోకి దింపారు. దాన్ని వేటాడేందుకు పాకిస్తాన్ పంపిన జలాంతర్గామి ఘాజీ.

ఘాజీ పుట్టుక అమెరికాలో. 1945లో "డయాబ్లో" అన్న పేరుతో ఆ దేశపు నౌకాదళంలో చేరింది. స్పానిష్ భాషలో ఆ మాటకు సైతాను అని అర్థం. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చి, ధర్మయోధుడనే అర్థం గల "ఘాజీ" అయింది. ఆ దేశానికి అది తొలి జలాంతర్గామి. ఫ్రాన్సు నుంచి కొన్న కొత్త జలాంతర్గాములు ఉన్నా, కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా వచ్చి వేటాడి తిరిగిపోగల సత్తా ఈ పాతదానికే ఉంది. నవంబరు 14న కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ ఆధ్వర్యంలో బయలుదేరింది. అందులో తొంభై మందికి పైగా ఉన్నారు.

ఇక విశాఖ సంగతి. ఆ ఏడాది జనవరి 20నే ప్రధాని ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసి వెళ్ళారు. తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడి నాలుగేళ్ళయినా నిండలేదు. దాని అధిపతి వైస్ ఎడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఘాజీ వస్తున్నదని గ్రహించిన కృష్ణన్ విక్రాంత్‌ను రహస్యంగా అండమాన్లకు తరలించి, అది విశాఖ దగ్గరే ఉన్నదన్న భ్రమ కల్పించారు. ఇందుకు ఆయన వాడుకున్నది రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్. అదీ రెండవ ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ నౌకే. విక్రాంత్ పంపవలసినన్ని వైర్‌లెస్ సందేశాలను సముద్రం మీదినుంచి రాజ్‌పుత్ పంపింది. ఊళ్ళో విమానవాహక నౌకకు సరిపడేంత మాంసం, కూరగాయలు పురమాయించారు. ఆ కబురు గూఢచారుల చెవిన పడాలనే. నౌకలోని ఒక నావికుడు తల్లి ఆరోగ్యం గురించి ఆదుర్దాగా ఆరా తీస్తున్నట్టు మామూలు సందేశాన్ని, రహస్యలిపి లేకుండా, గాలిలోకి వదిలారు. ఇవన్నీ కృష్ణన్ తరువాత తన యుద్ధ జ్ఞాపకాలలో వ్రాసుకున్నవే.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ మన పశ్చిమ విమానస్థావరాలపై దాడి చేసింది. ఆ రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ విశాఖ రేవు దాటింది. నీటిలో అనుమానాస్పదమైన కదలిక కనిపించి రెండు డెప్త్ ఛార్జీలు వేసింది. అర్ధరాత్రి దాటిన తరువాత పెద్ద పేలుడు జరిగింది. ఊళ్ళో కిటికీలు అదిరాయి. తరువాత సముద్రం మీద నూనె తెట్టు, శకలాలు కనిపించాయి. జాలరులకు దొరికిన వస్తువులూ ఘాజీ మునకకు సాక్ష్యాలయ్యాయి.

ఎలా మునిగింది? భారత కథనం ప్రకారం ఆ విజయం రాజ్‌పుత్‌ది. పాకిస్తాన్ కథనం ప్రకారం ఘాజీ తానే పరిచిన మైను పేలి మునిగింది. బ్యాటరీలు ఛార్జి అయ్యేటప్పుడు వెలువడే ఉదజని వాయువు పేలి ఉండవచ్చని మరొక ఊహ. ఈ వాదం నేటికీ తెగలేదు.

సంకల్ప్ రెడ్డి ఈ తెగని చోటును పట్టుకున్నాడు. ఈ మూడింటినీ పక్కనపెట్టి నాలుగవ కథ అల్లాడు. ఎస్21 అనే భారత జలాంతర్గామి రహస్యంగా వెళ్ళి, నీటి అడుగున ఘాజీతో తలపడి ముంచిందన్నది సినిమా కథ. ముక్కోపి కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్‌గా కేకే మీనన్, ఆజ్ఞల కోసం ఎదురుచూసే అర్జున్ వర్మగా రానా, వారిద్దరి మధ్య నలిగే దేవరాజ్‌గా అతుల్ కులకర్ణి. కెప్టెనూ అతడి కింది అధికారీ ఆజ్ఞ గురించి తగవులాడుకోవడం హాలీవుడ్ "క్రిమ్సన్ టైడ్" (1995) చూసినవారికి తెలిసిన ముడే. ఇరుకు గొట్టంలో మనుషుల ఉక్కిరిబిక్కిరిని జర్మన్ దర్శకుడు వుల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 1981లోనే "దాస్ బూట్"లో చూపాడు. ఆ వరుసలో తెలుగు సినిమా ఒకటి నిలబడగలదని 2017కు ముందు ఎవరూ అనుకొని ఉండరు.

నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చింది యంత్రం పట్ల దర్శకుడికున్న గౌరవం. జలాంతర్గామి సూత్రం సులువైనదే: బ్యాలస్ట్ తొట్లలో నీరు నింపితే మునుగుతుంది, ఒత్తిడి గాలితో ఆ నీటిని వెళ్ళగొడితే తేలుతుంది. మైను దెబ్బకు ఎస్21 ముందుకు కదలలేని స్థితికి వస్తుంది. ఇక మిగిలిన చలనం పైకీ కిందికీ మాత్రమే. ఆ ఒక్క చలనంతోనే టార్పెడోలను తప్పించుకుంటూ పోరాడటం కథకు పట్టు. కథానాయకుడు గుద్దితే మనుషులు గాలిలో ఎగిరే సినిమాల మధ్య, ఒక తొట్టిలో నీరు నిండటానికి పట్టే క్షణాల కోసం ప్రేక్షకులు ఊపిరి బిగబట్టారు. సోనార్ చప్పుడు, ఆజ్ఞ, ఆజ్ఞకు బదులు: వీటితోనే పోరాటమంతా నడిచింది. నాయికతో డ్యూయెట్ లేదు. ఉత్తమ తెలుగు చిత్రంగా 65వ జాతీయ పురస్కారం దీనికి రావడం సబబే.

"అంతరిక్షం"లోనూ ఆయన పట్టు అదే. దారి తప్పిన మిహిర అనే ఉపగ్రహాన్ని సరిచేయడానికి, వృత్తిని వదిలిపెట్టిన వ్యోమగామి దేవ్ (వరుణ్ తేజ్) తిరిగి రావలసి వస్తుంది. తెలుగులో సైన్స్ ఫిక్షన్ అనగానే మనకు సింగీతం శ్రీనివాసరావు గారి "ఆదిత్య 369" (1991) గుర్తుకొస్తుంది. అందులో కాలయంత్రం కథను రాయల కొలువుకు మోసుకుపోయే వాహనం. దాని మరలు ఎలా తిరుగుతాయో మనకు అక్కర లేదు. సంకల్ప్ రెడ్డికి ఆ మరలే కథ. శ్రీహరికోట తెలుగు గడ్డ మీద ఉండగా, 1980లో ఎస్.ఎల్.వి.-3 అక్కడినుంచే రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చగా, అంతరిక్షంలోకి వెళ్ళే తెలుగు కథకు 2018 దాకా ఆగవలసి రావడం ఆశ్చర్యమే. ఈ సినిమాలో ప్రేమకథ మాటిమాటికీ అడ్డువచ్చి వ్యోమనౌక వేగాన్ని తగ్గిస్తుంది. రెండవ సగంలో సాహసాలు నమ్మకానికి మించిపోతాయి. అయినా మూసిన గదిలో, తరుగుతున్న గాలితో, పని తెలిసిన నలుగురు తర్కించుకునే దృశ్యాల్లో "ఘాజీ" దర్శకుడు కనబడతాడు.

ఇక నష్టం సంగతి. "ఘాజీ" పతాక సన్నివేశంలో మనవాళ్ళు జాతీయగీతం పాడి శత్రు కెప్టెన్‌ను రెచ్చగొడతారు. హాలులో జనం లేచి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. కానీ ఇంటికి వచ్చి ఆలోచిస్తే, కృష్ణన్ వేసిన ఎత్తు దీనికంటే ఎన్నో రెట్లు లోతైనది. లేని నౌకను ఉన్నట్టు గాలిలోనూ బజారులోనూ సృష్టించడం కంటే గొప్ప కల్పన ఏ సైన్స్ ఫిక్షన్‌లో ఉంటుంది? అందులో విశాఖ బజారుకూ, వాడుక మాటలో వ్రాసిన ఒక సందేశానికీ పాత్ర ఉంది. మన దర్శకుడు ఎస్21ను నీటి అడుగుకు తీసుకుపోవడంలో ఊరిని ఒడ్డునే వదిలేశాడు. జఫర్ మహమ్మద్ ఖాన్ స్థానంలో రజాక్ అనే పాత్ర వచ్చింది. కోపం తప్ప ఆ పాత్రకు మరో గుణం ఇవ్వలేదు. మూడువేల మైళ్ళు దాటి వచ్చి, పరాయి తీరంలో, ఒక భ్రమను వెంటాడుతూ మరణించిన మనిషి అంతకన్నా బరువైన పాత్ర కాగలిగేవాడు.

ఇది అభిమాని గొణుగుడే గదా అనవచ్చు. కానీ రామకృష్ణ బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సుర జలాంతర్గామి లోపల, "నాన్నా, ఘాజీని ముంచింది ఇదేనా?" అని ఒక పిల్లవాడు అడగడం, తండ్రి సందేహించకుండా "ఇదే" అనడం నేను విన్నాను. ఆ యుద్ధంలో కుర్సుర ఉన్నది అరేబియా సముద్రంలో. సినిమా తనది కల్పన అని ముందే చెప్పుకుంది, తప్పు దానిది కాదు. అసలు కథను మనమెవ్వరమూ అంత బిగువుగా చెప్పకపోవడం వల్ల ఖాళీగా ఉన్న చోట సినిమా వచ్చి కూర్చుంది. రాజ్‌పుత్ నావికుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? 1996లో కట్టిన విజయస్మారకం బీచ్ రోడ్డులోనే ఉంది. ఆ ముందు నిలబడి ఫొటో దిగేవారు ఎందరో, శిలాఫలకం చదివేవారు కొందరే.

2024 ఫిబ్రవరిలో ఒక వార్త వచ్చింది. నౌకాదళపు లోతునీటి రక్షణ వాహనం ఘాజీ శిథిలాలను గుర్తించిందనీ, మృతుల పట్ల గౌరవంతో వాటిని తాకకుండా వదిలేశారనీ. అదే తీరంలో 1944లో మునిగిన జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110 కూడా పడి ఉంది. విశాఖ సముద్రపు అడుగు ఒక విధంగా శ్మశానం. గెలిచినవారి నౌకాదళం ఓడినవారి మృతులకు ఇచ్చిన ఈ మర్యాద మన సినిమా ఇవ్వలేకపోయింది.

సంకల్ప్ రెడ్డికి ఇది తప్పక చేతనవునని నా నమ్మకం. తొట్టిలో నిండే నీటితో ఉత్కంఠ పుట్టించగలిగినవాడికి, రాజ్‌పుత్ వైర్‌లెస్ గదిలో కూర్చుని తన తల్లి కాని తల్లి ఆరోగ్యం గురించి సందేశం కొడుతున్న నావికుడితో ఎంత ఉత్కంఠ పుట్టించవచ్చో చెప్పాలా? "ఘాజీ"ని ఇదివరకే చూసిన మిత్రులు మరొకసారి చూడండి, నేనూ చూస్తూనే ఉంటాను. ఈసారి విశాఖ వస్తే కుర్సుర చూశాక స్మారకం దగ్గర ఫలకం కూడా చదవండి. వెంట పిల్లలుంటే రాజ్‌పుత్ కథ వాళ్ళకు చెప్పండి.