సూరత్ యూదుల వంటయిల్లు

తపతీ నదీతీరమున వెలసిన సూరత్ మొగలాయీల కాలమున పశ్చిమసముద్రమునకు ముఖద్వారము. గోలకొండ వజ్రములు, గుజరాతు వస్త్రములు ఈ రేవున ఓడలకెక్కుచుండెను. ఆ వర్తకమును ఆశ్రయించి 18వ శతాబ్దమున అలెప్పో, బాగ్దాదు, బస్రా నగరములనుండి అరబ్బీ మాటలాడు యూదులు ఇచటికి వచ్చిరి. శతాబ్దాంతమునకు వారు ఇంచుమించు నూరుగురు. ప్రార్థనామందిరమును, శ్మశానవాటికను ఏర్పరచుకొనిరి.

యూదుల ధర్మపాలనము వంటయింటనే ఆరంభమగును. పందిమాంసము నిషిద్ధము. రెక్కలును పొలుసులును గల చేపయే తినదగినది. విధిప్రకారము కోసిన మాంసమునకు ఉప్పు పట్టించి, రక్తము తొలగించి కడుగవలెను. మాంసమును పాలను ఒకే భోజనమున కలుపరాదు. పాత్రలును వేరుగా నుండవలెను. మన దేశమున మాంసపు కూరలలో నేయి, పెరుగు వాడుట పరిపాటి. ఇచటి యూదులు వానికి మారుగా నూనెను, కొబ్బరిపాలను గ్రహించిరి.

బాగ్దాదీ సంప్రదాయమున గురువారము రాత్రి బియ్యము, ఎఱ్ఱపప్పు కలిపి కిచిడీ వండుదురు. పేరును పాకమును గుజరాతీ గృహిణికి సుపరిచితములే. శుక్రవారము సూర్యాస్తమయముతో విశ్రాంతిదినము ప్రవేశించును. పిదప నిప్పు రాజేయరాదు. కావున పొద్దు వాలకముందే కోడి కడుపున బియ్యము కూరి, మరికొంత బియ్యముతో కుండలో నుంచి, సన్నని సెగపై రాత్రియంతయు మ్రగ్గనిత్తురు. ఇదియే తబీత్. దానితోపాటు గ్రుడ్లనుకూడ ఆ సెగకే వదలుదురు. తెల్లవారుసరికవి గోధుమవన్నె దాల్చును. అడుగంటిన అన్నపు మాడుచెక్కకై పిల్లలు పోటీపడుదురు.

ఈజిప్టు దాస్యవిముక్తిని స్మరించు పస్కా పండుగ ఎనిమిది దినములును ఇంట పులిసిన పిండి ఉండరాదు. పొంగని రొట్టెయు, ఖర్జూరపు పాకమున అక్రోటు పలుకులు కలిపిన హలేకును అప్పటి వంటకములు. బాగ్దాదీలకు అన్నము నిషిద్ధము కాదు; కాని గోధుమగింజ యొక్కటియు కలియకుండ బియ్యమును గింజగింజగా ఏరవలెను. పండుగకు ముందు స్త్రీలకు అదియే పెద్దపని.

కాలక్రమమున సూరత్ ప్రాభవము బొంబాయికి తరలెను. 1762లో అలెప్పోలో జన్మించిన షాలోం కోహెన్ 1790లో సూరత్ చేరి, 1798లో కలకత్తా కేగెను. అచటి బాగ్దాదీ సమాజమునకు ఆయనయే ఆద్యుడు. కూరగాయలలో బియ్యము, మాంసము కూరి వండు మహాషా, ఉర్లగడ్డలను నిదానముగా నూనెలో వేచు ఆలూ మకల్లా కలకత్తా యూదుల విందులలో ప్రసిద్ధి కెక్కెను. వారి యిండ్లలో ముస్లిం వంటవారు ఈ నియమముల నన్నిటిని నేర్చి పాటించిరి.

1947 తరువాత ఆ కుటుంబములలో పెక్కు ఇంగ్లండు, ఇజ్రాయేలు మున్నగు దేశములకు తరలిపోయెను. వేలసంఖ్యలోనున్న సమాజము పదులకు తగ్గెను. సూరత్‌లోని ప్రార్థనామందిరము నేడు లేదు. కలకత్తాలో 1902లో ఆరంభమైన నాహూం రొట్టెల దుకాణము మాత్రము న్యూమార్కెట్టున నిలిచియున్నది. తక్కిన విద్య లండను మొదలు జెరూసలేము వరకు గల వంటయిండ్లలో, తల్లి చేతికొలతగా జీవించుచున్నది. ఆ కొలతను ఒక్కతరము నేర్వకున్న అది అంతటితో సరి. ఆవకాయ జాడీని ఒడిలో నుంచుకొని దూరనగరములకు రైలెక్కిన తెలుగు యిల్లాలికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.