మితపానం, హాని తగ్గింపు (చరిత్ర)

తాగుడు సమస్యగా మారినవారికి మద్యాన్ని పూర్తిగా మాన్పించడం ఒక్కటే లక్ష్యం కానక్కర్లేదని, మోతాదు తగ్గించడం, తాగినా దానివల్ల కలిగే నష్టాన్ని తగ్గించడం కూడా చికిత్సకు తగిన లక్ష్యాలేనని చెప్పే పద్ధతులను మితపానం, నియంత్రిత మద్యపానం, హాని తగ్గింపు అనే పేర్లతో వ్యవహరిస్తారు. మొదటి రెండింటిలో తాగే వ్యక్తి తనకు తానే ఒక హద్దు పెట్టుకుని దానికి లోబడి ఉంటాడు. మూడోదానిలో ఆ హద్దు కూడా తప్పనిసరి కాదు. ఖాళీ కడుపుతో తాగకపోవడం, తాగి బండి నడపకపోవడం, నాటుసారా జోలికి పోకపోవడం, థయమిన్ (బి1 విటమిన్) మాత్రలు వేసుకోవడం వంటివన్నీ అందులో మెరుగుదల కిందే లెక్క. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి అలాంటివారు మానినా, తగ్గించినా వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలన్న విషయంలో మాత్రం ఈ పద్ధతులను సమర్థించేవారికీ, పూర్తిగా మానాల్సిందే అనేవారికీ పేచీ లేదు.

పూర్వరంగం

చరక సంహితలో మదాత్యయ (అతిపాన రోగ) చికిత్సకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. మద్యంవల్ల వచ్చిన రోగానికి తగు మాత్రలో మద్యాన్నే ఇచ్చి నయం చేసే విధానం అందులో కనిపిస్తుంది. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలపాటు తాగుడు వైద్యులకన్నా మతాచార్యులకూ న్యాయాధికారులకూ సంబంధించిన వ్యవహారంగానే సాగింది.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో ఒకడైన ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ 1784లో బట్టీ సారాల దుష్ఫలితాలపై ఒక వ్యాసం ప్రకటించాడు. తాగుడును జబ్బుగా చూసిన తొలి ఆధునిక రచనల్లో అది ఒకటి. ఆయన కోపం విస్కీ, రమ్ముల మీదే. బీరు, వైను మితంగా తీసుకుంటే ఆయనకు అభ్యంతరం లేదు. తొలినాటి మితపాన సంఘాలు సభ్యులచేత చేయించిన ప్రమాణం కూడా ఘాటు సారాల వరకే పరిమితం. ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణంలో జోసెఫ్ లైవ్సే అనే జున్ను వ్యాపారి, మరో ఆరుగురు కలిసి 1832 సెప్టెంబరు 1న ఏ రకమైన మద్యమూ ముట్టబోమని ప్రమాణపత్రం మీద సంతకాలు చేశాక గాలి మారింది. మితపానం పేరుతో పుట్టిన ఉద్యమం క్రమంగా సంపూర్ణ విసర్జన ఉద్యమమైంది. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు అమలైన మద్యనిషేధం దాని పర్యవసానమే.

స్వీడన్ ప్రయోగం

స్వీడన్ వేరే దారి తొక్కింది. గోథెన్‌బర్గ్ నగరంలో 1865లో సారా అమ్మకాలను లాభాపేక్ష లేని ఒక సంస్థకు అప్పగించారు. ఎక్కువ అమ్మితే తన జేబు నిండుతుందనుకునే దుకాణదారే లేకుండా చేయడం దీని ఉద్దేశం. ఇవాన్ బ్రాట్ అనే వైద్యుడు దీన్ని మరింత ముందుకు తీసుకుపోయాడు. 1914లో స్టాక్‌హోమ్‌లో మొదలై తర్వాత దేశమంతటికీ విస్తరించిన ఆయన పద్ధతిలో మద్యం కొనాలంటే ‘మూట్‌బూక్’ అనే పాస్‌పుస్తకం ఉండాలి. కొన్న ప్రతి సీసా అందులో నమోదయ్యేది. వయసు, ఆదాయం, నడవడిక చూసి ఒక్కొక్కరికి నెలకు ఇంత అని కోటా కట్టేవారు. పెళ్లయిన ఆడవాళ్లకు సాధారణంగా పుస్తకం ఇచ్చేవారు కాదు. ఆరోగ్య కారణాలమీద మద్యం పర్మిట్లు ఇచ్చే గుజరాత్ సంగతి తెలిసినవారికి ఈ పుస్తకం మరీ వింతగా తోచదు. 1922 ఆగస్టు 27న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సంపూర్ణ నిషేధం సుమారు 49 శాతం ఓట్లతో ఓడిపోవడానికి చేతిలో ఉన్న ఈ ప్రత్యామ్నాయమూ ఒక కారణం. 1955 అక్టోబరు 1న పాస్‌పుస్తకాలు రద్దయ్యాయి. తాగుడు ఒక్కసారిగా పెరగడంతో ప్రభుత్వం పన్నులు పెంచాల్సి వచ్చింది.

‘ఒక్క చుక్క’ సిద్ధాంతం

1935లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలిసి ప్రారంభించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ లక్షలాది మందిని తాగుడు నుంచి బయట పడేసింది. వ్యసనపరుడికి మద్యం పడదు, ఒక్క చుక్క నోట పడితే ఇక అతని చేతిలో ఏమీ ఉండదు అన్నది ఈ సంఘం అనుభవసారం. అయితే 1939లో వెలువడిన దాని మూలగ్రంథం విపరీతంగా తాగేవారందరినీ ఒకే గాటన కట్టలేదు. గట్టి కారణం ఎదురైతే మానుకోగల, తగ్గించుకోగల తాగుబోతులూ ఉంటారని అందులోనే ఉంది. తర్వాతి వాదోపవాదాల్లో ఈ సంగతి చాలామందికి గుర్తు రాలేదు.

ఇ. ఎం. జెలినెక్ అనే పరిశోధకుడు ఈ అనుభవానికి శాస్త్రరూపం ఇచ్చాడు. వ్యసనం మెట్లు మెట్లుగా ముదిరే క్రమాన్ని 1946లో ఆయన వివరించాడు. అందుకు ఆధారం ఆ సంఘం పత్రిక ద్వారా పంపిన ప్రశ్నపత్రాలకు వచ్చిన జవాబుల్లో పనికొచ్చిన 98 మాత్రమే. 1960 నాటి గ్రంథంలో ఆయన మద్యపానాన్ని గ్రీకు అక్షరాల పేర్లతో ఐదు రకాలుగా విభజించి, అన్నీ జబ్బులు కావని స్పష్టం చేశాడు. జనంలోకి మాత్రం ‘తాగుడు ఒక జబ్బు, మానడమే మందు’ అన్న మాట ఒక్కటే వెళ్లింది.

1962–1984: వివాద కాలం

లండన్ మోడ్స్‌లీ ఆసుపత్రిలో డి. ఎల్. డేవిస్ అనే మనోవైద్యుడు తన పాత రోగుల యోగక్షేమాలు విచారిస్తూ ఊహించని సంగతి గమనించాడు. చికిత్స పొందిన 93 మందిలో ఏడుగురు 7 నుంచి 11 ఏళ్లుగా మామూలు మనుషుల్లా మితంగా తాగుతున్నారు. 1962లో ఆయన దీన్ని ఒక శాస్త్ర పత్రికలో ప్రచురించాడు. పూర్తిగా మానమనే రోగులకు చెప్పాలని అదే వ్యాసంలో రాసినా దుమారం ఆగలేదు. ఆ పత్రిక వరసగా ఖండనలనూ సమర్థనలనూ ప్రచురించింది. రెండు దశాబ్దాల తర్వాత గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ ఆ ఏడుగురినే మళ్లీ విచారించి 1985లో ఫలితం వెల్లడించాడు. అయిదుగురు ఆ తొలి కాలంలోనూ తర్వాతా తాగుడుతో ఇబ్బంది పడ్డవారే. మొత్తం కాలమంతా చిక్కు లేకుండా తాగినవారు ఇద్దరు. వారిలో ఒకరికి తీవ్రమైన వ్యసనం ఎప్పుడూ లేదు.

ఈలోగా ప్రయోగశాలలో మరో దెబ్బ తగిలింది. అలన్ మార్లట్ బృందం 1973లో వ్యసనపరులకూ మామూలుగా తాగేవారికీ రుచి పరీక్ష పేరుతో పానీయాలు ఇచ్చింది. కొందరికి వోడ్కా కలిపిన టానిక్, కొందరికి ఒట్టి టానిక్. లోపల ఏముందో చెప్పిన మాట అన్నిసార్లూ నిజం కాదు. ఎక్కువ తాగింది తమ గ్లాసులో వోడ్కా ఉందని నమ్మినవారు. నిజంగా ఉందా లేదా అన్నదానితో పెద్ద తేడా రాలేదు. నిగ్రహం జారేది ఒక్క చుక్క రసాయనంవల్లేనన్న వాదానికి ఇది నేరుగా తగిలింది. ఈ రంగంలో ఇంత పొందికైన ప్రయోగాలు అరుదు.

అసలు రభస కాలిఫోర్నియాలోని పాటన్ స్టేట్ ఆసుపత్రి నుంచి వచ్చింది. 1970–71లో మార్క్ సోబెల్, లిండా సోబెల్ దంపతులు 70 మంది పురుష రోగులపై అధ్యయనం చేశారు. వారిలో 20 మందికి ఆసుపత్రిలోనే ఒక నకిలీ బార్ ఏర్పాటు చేసి, మెల్లగా గుటక వేయడం, పెగ్గుకూ పెగ్గుకూ ఎడం ఇవ్వడం, తాగాలనిపించే సందర్భాలను ముందే పసిగట్టడం నేర్పారు. వారితో పోల్చడానికి పూర్తిగా మానే చికిత్స పొందిన మరో 20 మంది ఉన్నారు. రెండో ఏడాది లెక్కల్లో మొదటి బృందం సజావుగా గడిపిన రోజులు రెండోవారికి రెట్టింపు.

1982 జులైలో ‘సైన్స్’ పత్రికలో మేరీ పెండరీ, ఇర్వింగ్ మాల్ట్‌స్‌మన్, ఎల్. జె. వెస్ట్ ఆ 20 మంది తర్వాతి కథను బయటపెట్టారు. నిగ్రహంతో తాగుతున్నది ఒక్కడే. ఎనిమిది మంది అతిగా తాగుతూనే ఉన్నారు, ఆరుగురు పూర్తిగా మానేశారు, నలుగురు మద్యం కారణంగా చనిపోయారు. జాడ దొరకని మిగిలిన ఒకరు, విడుదలైన ఏడాదికే, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నట్టు ధ్రువీకరించారు. అధ్యయనంలో మోసం జరిగిందన్న ఆరోపణ పత్రికలకు ఎక్కింది, టెలివిజన్‌కు ఎక్కింది. సోబెల్ దంపతులు అప్పుడు పనిచేస్తున్న టొరంటో సంస్థ, న్యాయశాస్త్ర ఆచార్యుడు బెర్నార్డ్ డికెన్స్ అధ్యక్షతన కమిటీ వేసింది. మోసం జరగలేదని ఆ కమిటీ 1982 నవంబరులో తేల్చింది. పెండరీ బృందం పోలిక బృందం సంగతే ఎత్తలేదు. పూర్తిగా మానే చికిత్స పొందిన 20 మందిలో చనిపోయినవారు ఆరుగురని సోబెల్ దంపతులు 1984లో చూపించారు. ఈ జవాబుకు ఆరోపణకు దక్కినంత ప్రచారం దక్కలేదు. అమెరికన్ చికిత్సాలయాల్లో నియంత్రిత మద్యపానం చాలాకాలం ఎత్తకూడని మాటగా మిగిలింది.

1976 నాటి రాండ్ పరిశోధన సంస్థ నివేదికకూ ఇంచుమించు ఇదే గతి. చికిత్స తర్వాత మితంగా తాగుతున్న కొందరు, పూర్తిగా మానినవారికన్నా ఎక్కువగా మళ్లీ పతనం కావడం లేదని అది చెప్పగానే నిరసనలు వచ్చాయి. నాలుగేళ్ల పరిశీలన తర్వాత వచ్చిన రెండో నివేదిక విషయాన్ని సూటిగా విడదీసింది: వయసు మళ్లి, వ్యసనం ముదిరినవారికి మానడమే క్షేమం, చిన్నవయసులో, వ్యసనం అంతగా ముదరని దశలో ఉన్నవారికి మితపానం సాధ్యమే. తర్వాతి పరిశోధనల్లో అధికభాగం ఈ గీత చుట్టూనే తిరిగింది.

స్వయంసహాయక సంఘాలు

ఆడ్రీ కిష్లైన్ 1994లో అమెరికాలో మోడరేషన్ మేనేజ్‌మెంట్ సంఘాన్ని స్థాపించింది. ముందు 30 రోజులు ఒక్క చుక్క ముట్టకుండా ఉండి, తర్వాత హద్దులు పాటించాలన్నది నియమం. 2000 జనవరిలో మితపానం తనకు సాధ్యం కావడం లేదని చెప్పి ఆమె ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో చేరింది. మార్చిలో తాగి కారు నడిపి ఇద్దరి మరణానికి కారణమై జైలుకు వెళ్లింది. ఆ ప్రమాదాన్ని రెండు వర్గాలూ ఎదుటివారి మీదికి ఆయుధంగా వాడుకున్నాయి. సంఘం మాత్రం ఆగలేదు.

హాని తగ్గింపు

ఈ మాట మాదకద్రవ్యాల రంగం నుంచి వచ్చింది. 1980ల్లో నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో మత్తు సూదులు వేసుకునేవారికి కొత్త సూదులిచ్చే మార్పిడి కేంద్రాలు తెరిచారు; ఎయిడ్స్ భయంతో అవి విస్తరించాయి. దీన్ని మద్యానికి అన్వయించిన వారిలో మార్లట్ ప్రముఖుడు. కెనడాలో ఇల్లూవాకిలీ లేని తాగుబోతులు కొందరు చలికి బిగుసుకుపోయి మరణించిన తర్వాత టొరంటోలోని సీటన్ హౌస్ ఆశ్రయంలో వారికి కొలిచి మద్యం ఇవ్వడం మొదలైంది. అట్టావాలోని ఇలాంటి కేంద్రంలో ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు గంటకోసారి 140 మిల్లీలీటర్ల దాకా వైను పోసేవారు. చేరకముందు రోజుకు సగటున 46 పానీయాలు తాగిన 17 మంది, చేరాక 8కి దిగారని 2006లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. మౌత్‌వాష్ తాగి బతుకు వెళ్లదీసేవారికి ఇది మంచి మార్పే. సియాటిల్‌లో 2005లో తెరిచిన 75 గదుల భవనంలో, తాగుడు మానాలన్న షరతు లేకుండానే అలాంటివారికి ఇల్లిచ్చారు.

నాల్ట్రెక్సోన్ అనే మందును తాగుడు చికిత్సలో వాడటానికి అమెరికా 1994లో అనుమతి ఇచ్చింది. తాగబోయే ముందు మాత్రమే ఆ మాత్ర వేసుకునే పద్ధతిని ఫిన్లాండులో పనిచేసిన జాన్ డేవిడ్ సింక్లెయర్ ప్రచారం చేశాడు. తాగుడు తగ్గించడమే లక్ష్యంగా నాల్మెఫీన్ అనే మందుకు ఐరోపా 2013లో ఆమోదం తెలిపింది.

భారతదేశంలో

ఇక్కడ చర్చ ఎక్కువగా నిషేధం, అమ్మకాల చుట్టూ నడిచింది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1992లో లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి, 1995లో ఎన్. టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ నిషేధానికి దారితీసింది. 1997లో దాన్ని సడలించారు. కూలి డబ్బులు సారా కొట్టు పాలవుతుంటే రోడ్డెక్కిన ఆడవాళ్లకు మితపానం అనే మూడో దారి ఎవరూ చూపలేదు. చూపినా అప్పటి పరిస్థితుల్లో వినే ఓపిక ఉండేది కాదు.

గోవాలో సంగత్ సంస్థ చేసిన ప్రయోగం ఇందుకు భిన్నం. వైద్యులు కాని, శిక్షణ పొందిన సలహాదారులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 377 మంది పురుషుల్లో సగం మందికి నాలుగు విడతల వరకు సలహాలు ఇచ్చారు. మానాలా తగ్గించాలా అన్న నిర్ణయం తాగేవారిదే. 2017లో ‘లాన్సెట్’లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలల తర్వాత సలహా పొందినవారిలో 36 శాతం మంది ప్రమాద స్థాయి నుంచి బయటపడ్డారు, పొందనివారిలో 26 శాతం. గత రెండు వారాల్లో మద్యమే ముట్టనివారు 42 శాతం, 18 శాతం. మానమని బలవంతపెట్టని చోట మానినవారే రెట్టింపుకు మించి ఉన్నారు.

2022లో అమెరికా జాతీయ మద్య పరిశోధన సంస్థ ‘కోలుకోవడం’ అన్నదానికి కొత్త నిర్వచనం ఇచ్చింది. వ్యసన లక్షణాలు పోవాలి, అతి తాగుడు ఆగాలి. పూర్తిగా మానాలన్న షరతు అందులో లేదు. అయితే మరుసటి ఏడాది జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం మోతాదంటూ ఏదీ లేదని ప్రకటించింది.