అబద్ధపు ప్రకటనల వలన నష్టపడువారెవరు?

పత్రికలో ప్రకటన చూచి మందు కొని, దానివలన కొత్త జబ్బు తెచ్చుకొన్నవాడు మోసపోయినట్లే. నష్టపడినది అతడేయని పసివాడైనను చెప్పగలడు. కాని ఆ ఒక్క కారణముపై ప్రకటనను ఆపుటకు ప్రభుత్వ సంస్థకు అధికారము లేదని అమెరికా అత్యున్నత న్యాయస్థానము 1931లో తీర్పు చెప్పెను. దీనికొక చరిత్ర కలదు.

1914లో ఆ దేశమున ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అను సంస్థ ఏర్పడెను. పెద్ద కంపెనీలు అక్రమ మార్గములలో చిన్న వర్తకులను మింగివేయునను భయమే నాడు బలముగా నుండెను. అందుచే "అన్యాయమైన పోటీ పద్ధతులను" నిషేధించు అధికారమును చట్టము ఈ సంస్థకిచ్చెను. కొనుగోలుదారుని ప్రసక్తి ఆ మాటలలో లేదు.

మొదట దీనివలన పెద్ద చిక్కు రాలేదు. విన్‌స్టెడ్ హోజరీ అను కంపెనీ లోదుస్తులకు ఉన్నివని చెప్పు చీటీలు అంటించి అమ్ముచుండెను. వానిలో కొన్నింటియందు ఉన్ని నూటికి పదిపాళ్ళు మాత్రమే. ఇది అన్యాయపు పోటీయేయని 1922లో అత్యున్నత న్యాయస్థానము నిర్ణయించెను. నిజమైన ఉన్నిబట్ట అమ్మువాని బేరము ఇటు మళ్ళును గదా! కొన్నవాడు మోసపోయెనని న్యాయమూర్తులు గ్రహింపకపోలేదు. కాని కమిషన్ చేతికి పట్టు చిక్కినది నిజాయితీగల వర్తకుని నష్టము వలననే.

పట్టు జారినది 'మార్మోలా' విషయమున. ఇది డెట్రాయిట్ నగరమందలి రాలడమ్ కంపెనీ అమ్మిన, స్థూలకాయము తగ్గించు మందు. ఇందులో జంతువుల థైరాయిడ్ గ్రంథిని ఎండబెట్టి చేసిన పొడి కలదు. థైరాయిడ్ స్రావము దేహమందలి దహనక్రియను త్వరితపరచును. కావున కొవ్వు కరుగుట నిజమే. కాని మోతాదు మించినచో గుండె దడదడ కొట్టుకొనును, చేతులు వణకును, కండ కూడ కరగిపోవును. వైద్యుని పర్యవేక్షణ లేక వాడదగిన వస్తువు కాదు. ప్రకటనలు మాత్రము ఇది శాస్త్రీయమనియు నిరపాయమనియు చాటుచుండెను.

కమిషన్ దీనిని నిషేధించెను. కంపెనీ కోర్టుకెక్కెను. ప్రకటన తప్పుదారి పట్టించునదేయైనను, దానివలన ఏ పోటీ వర్తకుని బేరము చెడెనో కమిషన్ చూపలేదు గనుక ఉత్తర్వు చెల్లదని 1931 మే 25న తీర్పు వెలువడెను. చట్టములోని మాటలను బట్టి చూచిన, న్యాయమూర్తులను తప్పుపట్టుట కష్టము. కాని దీని ఫలితమేమి? ఒక మందును అమ్మువారందరును అబద్ధీకులేయైనచో, అబద్ధమునకు అడ్డే లేదన్నమాట!

ఆ సంవత్సరమే కమిషన్ ఎదుట 'రేడిథార్' వ్యవహారము నడుచుచుండెను. ఇది విలియం బెయిలీ అను వ్యాపారి న్యూజెర్సీ రాష్ట్రమున తయారుచేసిన రేడియం నీరు. ఒక్కొక్క చిన్న సీసా స్వేదనజలములో రేడియం-226, రేడియం-228 ఒక్కొక్కటి సుమారు 1 మైక్రోక్యూరీ చొప్పున కలిపెడివారు. వెల ఒక డాలరు. ఇందులో చెప్పినంత రేడియం నిజముగా నుండెను. అదియే ప్రమాదము! రేడియం గుణములలో కాల్షియమును పోలినది. ఎముకలు దానిని కాల్షియమనుకొని దాచుకొనును. అక్కడ కూర్చుండి అది ఏండ్ల తరబడి ఆల్ఫా కణములను విడుచును. రేడియం-226 అర్ధాయువు సుమారు 1600 సంవత్సరములు.

పిట్స్‌బర్గ్ నగరపు పారిశ్రామికుడు, గోల్ఫ్ క్రీడాకారుడు ఎబెన్ బయర్స్ 1927లో రైలు పడకపైనుండి పడి చేయి నొచ్చుకొనగా, వైద్యుని సలహాపై ఈ నీటిని త్రాగ నారంభించెను. సుమారు 1400 సీసాలు త్రాగెను. పండ్లు రాలెను, దవడ ఎముక కుళ్ళెను. కమిషన్ న్యాయవాది సాక్ష్యమునకై ఆయన ఇంటికి వెళ్ళునప్పటికి దవడలను చాలవరకు కోసి తీసివేసి యుండిరి. 1930లో మొదలైన విచారణ 1931 డిసెంబరు 19 నాటి నిషేధపు ఉత్తర్వుతో ముగిసెను. 1932 మార్చి 31న బయర్స్ మరణించెను. ఆయనను సీసపు పెట్టెలో పాతిపెట్టిరి.

ఉన్నిబట్టకు కుదిరిన సూత్రము ఇచ్చట ఎట్లు కుదురును? రేడియం నీటికి నిజాయితీగల పోటీదారుడెవడు? ఇంకను ఎక్కువ రేడియం పోయువాడా?

1938 మార్చి 21న వీలర్–లీ సవరణ వచ్చినది. "అన్యాయమైన లేక మోసకరమైన చర్యలు" అను మాటలు చట్టములో చేరెను. ఆహారము, మందులు, సౌందర్య సామగ్రి వీని అబద్ధపు ప్రకటనలు ప్రత్యేకముగా నిషిద్ధములయ్యెను. అప్పటినుండి పోటీదారుని నష్టము రుజువు చేయ నక్కరలేదు.

మన దేశమున మందుల సంగతి ముందే తేలినది. 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల చట్టము కొన్ని వ్యాధుల పట్టికనిచ్చి, వానిని నయము చేయుదుమను ప్రకటనలనే నిషేధించెను. ఆ పట్టికలో స్థూలకాయము కూడ కలదు. మార్మోలా వంటిది ఇచ్చట ప్రకటింపబడుటకే వీలులేదు. తక్కిన సరకుల విషయమున మాత్రము మనమును ఆ పాత దారినే నడచితిమి. 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టము పోటీని గురించియే పలికెను. అన్యాయ వ్యాపార చర్యలను, అనగా తప్పుడు ప్రకటనల వంటివానిని, 1984 సవరణతో గాని అందులో చేర్చలేదు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చెను. దాని స్థానమున వచ్చిన 2019 చట్టము ప్రకారము, తప్పుదారి పట్టించు ప్రకటనకు కేంద్ర ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును.