తెల్లకార్డు కొలతలు

1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చేనాటికి మా నాన్న రేషన్ డీలరు. అర్హత తేల్చేది ఏడాది ఆదాయం. కూలి దొరికిన రోజే తినే మనిషి ఏడాది లెక్క ఏం చెబుతాడు? నోటికొచ్చిన అంకె రాయించేవాడు.

తర్వాత పేదలకు తెల్లకార్డు, మిగతావారికి గులాబీకార్డు వచ్చాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక తెల్లకార్డు గుండె ఆపరేషన్‌కూ ఆధారమైంది. జనం దానికోసం అంతగా పాకులాడింది అందుకే, తప్పుపట్టలేను.

2019 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో కొలతలు మారాయి. నెలాదాయం హద్దు పల్లెలో 10 వేలు, పట్నంలో 12 వేలు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10. కరెంటు నెలకు 300 యూనిట్లు. కారుంటే కార్డు లేదు; ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు.

ఆ యూనిట్ల నిబంధన నాకు అన్యాయమనే అనిపిస్తుంది. మా వీధిలో అన్నదమ్ముల రెండు కాపురాలకూ ఒకటే మీటరు. వేసవిలో బిల్లు హద్దు దాటింది. వేరే మీటరు పెట్టించుకున్నాకగానీ తమ్ముడికి బియ్యం రాలేదు.