దంతవైద్యం, పీహెచ్‌డీ కలిపి చదవడం: ఎనిమిదేళ్ల జంట పట్టా ఎలా సాగుతుంది?

దంతవైద్య పట్టాను, పీహెచ్‌డీని ఒకే ప్రణాళిక కింద పూర్తిచేసే జంట పట్టా కోర్సులను అమెరికాలోని పలు విశ్వవిద్యాలయాలు నిర్వహిస్తున్నాయి. మిషిగన్, నార్త్ కరోలినా, కనెక్టికట్, కాలిఫోర్నియా (శాన్ ఫ్రాన్సిస్కో) విశ్వవిద్యాలయాలు వాటిలో కొన్ని. దంతవైద్య కోర్సు ఒక్కటే నాలుగేళ్లు. పీహెచ్‌డీతో కలిపితే సాధారణంగా ఏడు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది.

అక్కడి దంతవైద్య పట్టాకు డీడీఎస్, డీఎండీ అనే రెండు పేర్లున్నాయి. పేరు వేరైనా చదువు, అర్హత ఒకటే. 1840లో ఏర్పడిన బాల్టిమోర్ దంతవైద్య కళాశాల డీడీఎస్‌ను, 1867లో స్థాపితమైన హార్వర్డ్ దంతవైద్య పాఠశాల డీఎండీని ప్రారంభించాయి.

ఈ అవసరం ఎందుకు వచ్చింది?

దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో వైద్యవృత్తి ప్రారంభించారు. అక్కడివారి పళ్లపై గోధుమరంగు మచ్చలను గమనించి, వాటికి తాగునీరే కారణమని అనుమానించారు. నీటిలోని ఏ పదార్థం ఇందుకు కారణమో 1931లో గానీ తేలలేదు. అది ఫ్లోరైడ్ అని గుర్తించినది దంతవైద్యుడు కాదు, అల్యూమినియం కంపెనీలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త హెచ్.వి. చర్చిల్. రోగిని చూసిన కన్నుకూ, ప్రయోగశాలలోని పరికరానికీ మధ్య ఇంత దూరం ఉండేది. ఆ దూరాన్ని తగ్గించడమే జంట పట్టా ఉద్దేశం.

ఫ్లోరోసిస్ తెలుగు నేలకూ సుపరిచితమైన సమస్యే. భారతదేశంలో ఈ వ్యాధి గురించిన తొలి శాస్త్రీయ నివేదిక 1937లో నెల్లూరు జిల్లా నుంచే వెలువడింది. నల్లగొండ ప్రజలు దశాబ్దాలుగా దాని బాధను అనుభవించారు.

అమెరికా ప్రభుత్వం 1948లో జాతీయ దంత పరిశోధన సంస్థను నెలకొల్పింది. ఫ్లోరైడ్ పరిశోధనలతో పేరొందిన ట్రెండ్లీ డీన్ దానికి తొలి సంచాలకుడు. దంతవైద్యులను శాస్త్రవేత్తలుగా తీర్చిదిద్దే శిక్షణకు నేడు ప్రధానంగా నిధులిస్తున్నది ఈ సంస్థే.

చదువు క్రమం

ఎక్కువగా కనిపించే పద్ధతిలో మొదటి రెండేళ్లు శరీర నిర్మాణం, సూక్ష్మజీవశాస్త్రం వంటి మౌలిక పాఠాలు, బొమ్మ దవడలపై సాధన ఉంటాయి. తరువాత మూడు, నాలుగేళ్లు పరిశోధనకు కేటాయిస్తారు. సిద్ధాంత వ్యాసం సమర్పించాక చివరి రెండేళ్లు రోగులకు చికిత్స చేస్తారు. పీహెచ్‌డీని ముందే పూర్తిచేయించే సంస్థలు, రెండింటినీ విడతలవారీగా నడిపే సంస్థలు కూడా ఉన్నాయి.

విద్యార్థి జీవితంలో చిక్కులు

అమెరికాలో ఎంబీబీఎస్‌కు సమానమైన ఎండీ చదివినవారికి రెసిడెన్సీలో మరికొన్నేళ్ల శిక్షణ ఉంటుంది. దంతవైద్య పట్టభద్రులు లైసెన్సు పొందితే చాలా రాష్ట్రాల్లో వెంటనే వృత్తి చేపట్టవచ్చు. కాబట్టి పన్ను పూడ్చడం, రూట్ కెనాల్ చికిత్స, క్రౌన్ అమర్చడం వంటి నైపుణ్యాలన్నీ పట్టాకు ముందే చేతికి రావాలి. మధ్యలో మూడు, నాలుగేళ్లు ప్రయోగశాలకే పరిమితమైతే ఆ పనితనం మందగించే ప్రమాదముంది. అందుకే కొన్ని సంస్థలు పరిశోధన కాలంలోనూ వారంలో ఒక పూట క్లినిక్‌కు హాజరయ్యే ఏర్పాటు చేస్తాయి.

రెండో చిక్కు సహాధ్యాయులది. కలిసి చేరినవారు పట్టా పుచ్చుకుని సంపాదనలో పడే సమయానికి జంట పట్టా విద్యార్థి ఇంకా ప్రయోగాల మధ్యే ఉంటారు. క్లినిక్‌కు తిరిగి వచ్చేసరికి తమకంటే చిన్నవారితో కలిసి చదవాలి. ఒక వంక ప్రయోగం విఫలమైతే గడువు పొడిగించుకోవచ్చు. మరో వంక రోగికిచ్చిన సమయం మాత్రం తప్పకూడదు. ఈ రెండు లయలకూ అలవాటుపడటమే అసలు పరీక్ష.

ఖర్చు, ఆర్థిక సాయం

అమెరికాలో అప్పుచేసి దంతవైద్యం చదివినవారికి పట్టా నాటికి సగటున సుమారు 3 లక్షల డాలర్ల రుణం మిగులుతోంది. జంట పట్టాలో పరిశోధన కాలానికి సాధారణంగా ఫీజు మినహాయింపు, స్టైపెండ్ ఉంటాయి. ప్రభుత్వ శిక్షణ నిధుల కింద 2024లో వార్షిక స్టైపెండ్ 28,224 డాలర్లు. దంతవైద్య సంవత్సరాల ఫీజులో సాయం ఎంత అన్నది సంస్థను బట్టి మారుతుంది. చేరేముందు ఈ లెక్కను రాతపూర్వకంగా తెలుసుకోవడం అవసరం.

భారతీయ విద్యార్థులకు

భారత్‌లో బీడీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్లు, ఎండీఎస్ మూడేళ్లు. పీహెచ్‌డీ సాధారణంగా ఆ తరువాతి మెట్టు. చదువుతుండగానే పరిశోధన రుచి చూడదలచిన ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసం భారత వైద్య పరిశోధన మండలి 1979లో రెండు నెలల స్వల్పకాలిక ఉపకార వేతన పథకాన్ని ప్రారంభించింది.

బీడీఎస్ తరువాత అమెరికా వెళ్లేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అక్కడి ప్రభుత్వ శిక్షణ ఫెలోషిప్‌లు చాలావరకు ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే పరిమితం. విదేశీ విద్యార్థులు విశ్వవిద్యాలయ నిధులపైనో, గైడ్‌కు మంజూరైన పరిశోధన నిధులపైనో ఆధారపడాలి. అంతేకాదు, పీహెచ్‌డీ ఒక్కటే దంతవైద్య లైసెన్సుకు అర్హత ఇవ్వదు. అందుకు చాలామంది రెండు, మూడేళ్ల ప్రత్యేక కోర్సులో చేరుతున్నారు. పరిశోధనే లక్ష్యమా, వృత్తి కూడా కావాలా అన్నది ముందే తేల్చుకుంటే సంవత్సరాలు, డబ్బు రెండూ ఆదా అవుతాయి.