ఫీజు లేని సరిగమలు

అమీర్‌పేటలో ఏ విద్యకైనా ఒక గడువు, ఒక ఫీజు ఉంటాయి. జావాకు ఇన్ని రోజులు, టెస్టింగ్‌కు ఇన్ని వారాలు, స్పోకెన్ ఇంగ్లిష్‌కు ఇన్నాళ్లు. మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే గోడ కనబడదు, బోర్డులే కనబడతాయి. వాటి నడుమ నాదీ ఒక చిన్న బోర్డు ఉంది: కీబోర్డు, హార్మోనియం, గాత్రం. గడువు మాత్రం రాయించలేదు. అందుకే మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్లూ ముందు అదే అడుగుతారు: "ఎన్నాళ్లకు వస్తుంది మేడం?"

ఈమధ్య దానికి ఇంకో ప్రశ్న తోడైంది. "ఫోన్లో ఫ్రీ యాప్ ఉందిగా, అది చాలదా?"

దీనికి జవాబు సంగీత శాస్త్రంలో వెతకడం కంటే ఈ పేట చరిత్రలో వెతకడం మేలు. జావాను సన్ కంపెనీ 1996లో మొదటిసారి విడుదల చేసినప్పుడే ఎవరైనా డబ్బు కట్టకుండా దించుకునే వీలుండేది. లైనక్స్ సంగతీ అంతే. అయినా కరీంనగర్ నుంచి, ఒంగోలు నుంచి, శ్రీకాకుళం నుంచి పిల్లలు వచ్చి, ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో మంచం అద్దెకు తీసుకుని, ఆ ఉచితమైన సరుకునే ఫీజు కట్టి నేర్చుకున్నారు. వాళ్లేమీ అమాయకులు కారు. ఉచితంగా దొరికేదానికీ నేర్చుకోవడానికీ మధ్య ఏదో ఉందని వాళ్లకు తెలుసు. అదేమిటో సంగీతం వైపు నుంచి చెప్పాలని నా ప్రయత్నం.

ఈ అమీర్‌పేట నేలంతా ఒకప్పుడు పైగా వంశపు అమీర్లది. బేగంపేటలో వాళ్లు కట్టుకున్న ప్యాలెస్‌లో తరవాతి రోజుల్లో నగరాభివృద్ధి సంస్థ హుడా ఆఫీసు నడిచింది. మైత్రీవనం కట్టించింది కూడా ఆ హుడాయే. కంప్యూటర్ కోర్సులు రాకముందు అమీర్‌పేటకు పేరు తెచ్చింది మాత్రం సినిమా. 1956లో ఇక్కడ సారథీ స్టూడియో వెలిసింది. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమాగా చెప్పుకునే ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో అక్కడే తయారైంది. అయితే తెలుగు సినిమా పాటకు ఆ తరవాత కూడా చాలా ఏళ్లు మద్రాసే పుట్టిల్లు. పాటకు పెదవులు కదపడం ఇక్కడ, వయొలిన్లు వాయించడం అక్కడ. కెమెరా పని, మేకప్ పని నేర్చుకోవాలంటే ఇక్కడ ఎవరో ఒకరి వెనక తిరిగితే దారి దొరికేది. సరిగమలు నేర్చుకోవాలంటే బస్సెక్కి, 1952లో మొదలైన ప్రభుత్వ సంగీత కళాశాలకు, రాంకోటి దాకా పోవాలి.

బస్సెక్కలేని వాళ్లకు రేడియో ఉండేది. ఈ ఊళ్లో ఫీజు లేని మొదటి సంగీతం మాస్టారు అదే. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్‌లో ఆలిండియా రేడియోలో కలిసింది. ఆ కేంద్రం నుంచి మహాభాష్యం చిత్తరంజన్ వంటివారు లలితగీతాలు నేర్పేవారు. మాస్టారు ఒక చరణం పాడతారు, పక్కనున్న పిల్లలు అందుకుంటారు, ఇళ్లలో వినేవాళ్లు నోట్‌బుక్‌లో గబగబా సాహిత్యం రాసుకుంటూ గొంతు కలుపుతారు. ఎందరో ఇల్లాళ్లకు సంగీతం అలాగే వచ్చింది. ఇందులో ఇబ్బంది ఒక్కటే. రేడియో పాడుతుంది గానీ వినదు. రిషభం దిగిపోయినా, తాళం జారినా అటునుంచి "ఆగమ్మా, మళ్లీ" అనేవాళ్లు లేరు.

అదే రేడియో మా నాన్న పెట్టెను గడప తొక్కనివ్వలేదు. నాన్నది తెనాలి వైపు. పద్యనాటకాలకు హార్మోనిస్టు. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు, తెరిచినప్పుడు కూడా షరతులతోనే. అభియోగం ఏమిటంటే, రీడ్లు బిగించిన స్వరస్థానాలు కదలవు, గమకం పలకదు, పరాయి శ్రుతి మన చెవిని పాడుచేస్తుంది. శాస్త్రం ప్రకారం అది సరైన అభియోగమే. నాన్న దాన్ని ఏనాడూ కాదనలేదు. "గమకం పెట్టెలో ఉండదమ్మా, పాడేవాడి గొంతులో ఉంటుంది. నేను వాడికి ఆధార షడ్జమం పారేస్తాను, అంతే" అనేవాడు. ఊరూరా రైతులు, బడిపంతుళ్లు రాత్రికి కిరీటాలు పెట్టుకుని పద్యం ఎత్తుకోగలిగారంటే ఆ పెట్టె చలవే. వీణ కొనగలిగిన ఇళ్లు వేరు, హార్మోనియం అరువు దొరికే ఊళ్లు వేరు.

చవకగా వచ్చిన ప్రతి పనిముట్టునూ మనం మొదట ఇలాగే బోనెక్కించాం. కేసియో కంపెనీ తన మొదటి కీబోర్డును 1980లో తెచ్చింది. 1990లలో అవి బేగంపేట విమానాశ్రయంలో దిగే గల్ఫ్ ప్రయాణికుల అట్టపెట్టెల్లో, టేప్‌రికార్డర్ పక్కన, మన ఇళ్లకు చేరేవి. బ్యాటరీలు వేసి మీట నొక్కితే రుంబా, వాల్ట్జ్ మోగేవి. ఆదితాళం ఉండేది కాదు. శాస్త్రం తెలిసినవాళ్లు ఆట వస్తువన్నారు. కానీ మూడో తరగతి పిల్ల ఎవరూ చెప్పకుండానే దానిమీద సినిమా పాట పల్లవి వెతుక్కునేది. తెల్లమీట సరిపోకపోతే పక్కన నల్లమీట నొక్కి చూసేది. స్వరస్థానం అంటే ఏమిటో ఆ వెతుకులాటలోనే దానికి తెలిసేది.

శ్రుతి సంగతి కూడా ఆ కాలంలోనే మారింది. బెంగళూరులో రాజ్‌నారాయణ్ అనే వేణు విద్వాంసుడు, ఇంజినీరు కూడా కావడంతో, 1979లో ఎలక్ట్రానిక్ తంబురా తయారుచేశాడు. తీగలు బిగించే పని పోయింది, పక్కన కూర్చుని మీటే మనిషి అవసరమూ పోయింది. నేడు ఆ పనిని తాన్‌పురా డ్రాయిడ్ వంటి ఉచిత యాప్ ఫోన్లో చేస్తోంది. నన్నడిగితే కొత్తగా పాట మొదలుపెట్టే వాళ్లకు ఇంతకు మించిన కానుక లేదు. నాన్న తిత్తి ఊదుతూ ఇచ్చిన షడ్జమం ఇప్పుడు అందరి జేబులోనూ ఉంది.

ఇక కంప్యూటర్. అమీర్‌పేట మెయిన్‌ఫ్రేమ్ కోర్సులతో, 2000 సంవత్సరం గండం భయంతో కిక్కిరిసిన రోజుల్లో, బెల్జియంలో పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ ఫ్రూటీలూప్స్ పుట్టింది. 1997 చివర మొదటి వెర్షన్ వచ్చింది, 2003లో ఎఫ్ఎల్ స్టూడియో అని పేరు మార్చుకుంది. తెర మీద వరసగా పదహారు గడులు. ఒక గడి నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది. దాన్ని డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు గానీ ఒక మెలిక ఉంది: చేసిన పాటను సేవ్ చేసుకోనిస్తుంది, కొంటే తప్ప మళ్లీ తెరవనివ్వదు. కాబట్టి కూర్చున్న ఊపులోనే పాట ముగించాలి. కరెంటు పోతే పాట కూడా పోయినట్టే. ఈ బాధ పడలేక చాలామంది దొంగ కాపీ వేసుకున్నారు. ఆ రోజుల్లో ఇక్కడ ఫ్రీ అంటే చాలాసార్లు అదే అర్థం. నిజంగా ఉచితమైనవీ వచ్చాయి. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలైన ఆడాసిటీ 2000లో, ఎల్ఎంఎంఎస్ 2004లో. గొంతు రికార్డు చేసి, తప్పులు కోసి, మళ్లీ అతికించడం ఎందరో ఆడాసిటీతోనే నేర్చుకున్నారు.

ఆ పదహారు గడుల మీద నాకు గౌరవం ఉంది. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి డప్పు విని పెరిగిన కుర్రాడికి అక్షరకాలం, ద్రుతం అని చెబితే ఆవలిస్తాడు. అదే తీన్మార్ దెబ్బను గడుల్లో పెట్టి చూపమంటే చకచకా పెడతాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీగా వదిలిన గడి కూడా తాళంలో భాగమేనని అప్పుడు కంటికి కనబడుతుంది. గడులు పద్నాలుగుకు తగ్గించమంటాను. ఏడేసి గడులను మూడు, నాలుగుగా విడగొట్టి వాయించమంటాను. మిశ్రచాపు వచ్చేస్తుంది. చేత్తో వేయించి నేర్పాలంటే ఇంకా చాలా క్లాసులు పట్టేవి.

అన్ని యాప్‌లకూ ఈ వెసులుబాటు లేదు. యాపిల్ 2004లో మ్యాక్‌కూ, 2011లో ఐప్యాడ్‌కూ ఇచ్చిన గ్యారేజ్‌బ్యాండ్ ఎంతో ముచ్చటైనది. కానీ ఫోన్లో అది నాలుగు, మూడు, ఆరు లెక్కలకే బార్లు కడుతుంది. ఏడుకు చోటు లేదు. కొత్తవాళ్లు తెర ఏది చూపితే సంగీతమంటే అంతే అనుకుంటారు. అందుకే నాకు వినిపించే తొలి పాటల్లో చాలావాటికి ఎనిమిది బార్లకు ఒక మలుపు, ఒకే నడక.

పైగా మా దగ్గర ఐఫోన్లు తక్కువ, చవక ఆండ్రాయిడ్లు ఎక్కువ. పాత ఆండ్రాయిడ్ ఫోన్లో వేలు తాకిన తరవాత శబ్దం రావడానికి సెకనులో పదోవంతుకు పైగా పట్టేది. చూడ్డానికి చిన్న తేడా, తాళానికి మాత్రం పెద్ద దెబ్బ. అలా ఆలస్యంగా మోగే మీటల మీద సాధన చేసి, "నాకు లయ లేదు మేడం" అని నిర్ణయించుకుని వచ్చిన పిల్లలున్నారు. బల్ల మీద చేత్తో తాళం వేయిస్తే శుభ్రంగా వేస్తారు. లోపం వాళ్లది కాదు, ఫోన్‌ది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ ఎనిమిదో వెర్షన్ నుంచి గూగుల్ ఈ జాప్యాన్ని తగ్గించే ఏర్పాట్లు చేసింది. కానీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. వైరున్న ఇయర్‌ఫోన్ కొనుక్కోమనడం నా తొలి పాఠాల్లో ఒకటి.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఈ యాప్‌లు హాస్టల్ గదుల్లోకి వచ్చాయి. సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్, ఒకప్పుడు డబ్బు పెట్టి కొనవలసిన కేక్‌వాక్ సాఫ్ట్‌వేర్‌ను 2018లో కొని ఉచితం చేసింది. బ్యాండ్‌ల్యాబ్ ఫోన్ యాప్‌లో ఒకరు ఇక్కడ గిటారు వాయిస్తే, ఊళ్లో ఉన్న స్నేహితుడు దానిమీద గొంతు కలపవచ్చు. ఇదంతా ఎక్కడ ఉపయోగపడిందో తెలియాలంటే ఎస్.ఆర్.నగర్ హాస్టల్ గది చూడాలి. గదికి నాలుగు మంచాలు, ఒకరు నిద్ర, ఒకరు పరీక్షకు చదువు. అక్కడ హార్మోనియం తీస్తే తన్నులే. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరికీ వినబడకుండా, ఎవరూ నవ్వకుండా, ఒకే పలుకును వందసార్లు వాయించుకోవచ్చు. మాలాంటి మాస్టర్లు ఇవ్వలేకపోయినది ఇదే: సిగ్గుపడకుండా తప్పు చేసే చోటు.

అయితే ఆ చోట తప్పును పట్టేవాళ్లు ఉండరు. కొన్ని యాప్‌లు వింటాయి, నిజమే. స్వరం ఎంత పైకి పోయిందో, కిందికి దిగిందో ముల్లు చూపుతాయి. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు నేర్చే పిల్లకు షడ్జమం, పంచమం నిలబెట్టుకోవడానికి ఆ ముల్లు బాగా పనికొస్తుంది. రిషభాన్ని కాస్త ఊపి పాడిందో, ముల్లు అటూ ఇటూ కొట్టుకుని తప్పంటుంది. నిక్కచ్చిగా నిలబెట్టి పాడితే భేష్ అంటుంది. మన చెవికి రెండోదే తప్పు. 1940లో హార్మోనియం మీద మోపిన నేరం ఇప్పుడు యాప్ మీద మోపవచ్చు. సాక్ష్యమూ సరిపోతుంది. కానీ అప్పటి నిషేధం ఎవరికీ గమకం నేర్పలేదు. పెట్టె పక్కన కూర్చుని పాడి చూపినవాళ్లు నేర్పారు.

ఇప్పుడు అమీర్‌పేట సంగతికి వద్దాం. ఆ కోర్సుల్లో పాఠం గొప్పగా ఉంటుందని ఎవరూ అనరు. చాలా చోట్ల జిరాక్స్ కాగితాలే మెటీరియల్. అయినా పిల్లాడు కట్టిన ఫీజుకు ప్రతిఫలం మూడు రూపాల్లో అందేది. ఉదయం ఏడింటికి లేచి వెళ్లాల్సిన క్లాసు, తనలాగే తికమకపడే పక్కవాడు, ప్రోగ్రామ్ ఎందుకు నడవడం లేదో భుజం మీదుగా చూసి చెప్పే మనిషి. ఈ మూడూ దించుకోవడానికి దొరకవు. సంగీతంలో మూడోదాని విలువ ఇంకా ఎక్కువ. ప్రోగ్రామ్ తప్పయితే కంప్యూటరే ఆగిపోయి చెబుతుంది. పాట తప్పయినా ఆగకుండా సాగిపోతుంది.

అందుకని నా దగ్గరికి వచ్చేవాళ్లను యాప్ తీసేయమనను. ముందు ఏదో ఒక పాట చేసుకుని రమ్మంటాను, ఎంత అధ్వాన్నంగా ఉన్నా సరే. మొదటి క్లాసు దాంతోనే మొదలవుతుంది. ఏ మీట దగ్గర వేలు తడబడింది, ఏ గడిలో అనవసరంగా దెబ్బ పెట్టారు, పాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తెగింది, వరసగా చూస్తాం. సరళీ స్వరాలు ఆ తరవాత. అలా వచ్చినవాళ్లు వేగంగా ఎదుగుతున్నారు. తమకేం రాదో తెలుసుకునే వస్తున్నారు కాబట్టి. ఇక "అది చాలదా?" అన్నదానికి నా జవాబు: సాధనకు చాలుతుంది, దిద్దుబాటుకు చాలదు. నా ఫీజు దిద్దుబాటుకే.